మూత కింద మిగిలిన బాకీ

ఒక వలీమా విందుకు ముందురోజు జరిగిన సంగతి ఇది. రాయలసీమలోని ఒక పట్టణంలో మా దగ్గరి బంధువుల ఇల్లు. ఐదుగురు నివసించే ఆ ఇంటికి నికాహ్ సందర్భంగా ముప్పై మంది చుట్టాలు వచ్చి మూడు రోజులుగా ఉంటున్నారు. అస్ర్ నమాజు వేళకు స్నానాలగది జాలీ గుండా నల్లని నీరు పైకి తన్నడం మొదలైంది. కాసేపటికి మరుగుదొడ్డి కూడా నిండిపోయింది. వుజూ చేసుకోబోయిన పెద్దలు చెంబులు చేతబట్టుకొని నిలిచిపోయారు. పెరట్లో డేగిశాల కోసం పొయ్యిలు సిద్ధమై ఉన్నాయి. ఆ పొయ్యిలకు పది అడుగుల దూరంలోనే సెప్టిక్ ట్యాంకు మూత ఉన్నది.

ఇంటి యజమాని ట్యాంకరు బండి కోసం నాలుగైదు చోట్లకు ఫోను చేశారు. ఆ పూటకు ఏదీ దొరకలేదు. ఇంతలో ఎవరో ఒక కూలీని వెంటబెట్టుకొని వచ్చారు. "తాడు, బక్కెట్టు ఇవ్వండి సార్, నేను దిగి తోడేస్తాను. పదిహేను వందలు ఇప్పించండి" అన్నాడాయన. యజమాని సరేననబోతుండగా వరండాలో తస్బీహ్ పట్టుకొని కూర్చున్న దాదీమా లేచి వచ్చారు. "నాయనా, నువ్వు దిగవద్దు. ఇంటి దగ్గర నీ కోసం ఎదురుచూసేవాళ్ళు ఉంటారు" అని ఆ మనిషితో చెప్పి, కుమారుని వైపు తిరిగి, "విందు ఆగితే ఆగనీ బేటా. మన ఇంట్లో షాదీ జరిగిన రోజున మరొకరి ఇంట్లో శవం లేవకూడదు" అన్నారు.

ఆ రాత్రి చుట్టాలను ఇరుగుపొరుగు ఇళ్ళకు సర్దారు. ఫజ్ర్ తరువాత ట్యాంకరు వచ్చింది. మూత తీసిన పనివాడు, "చివరిసారి ఎప్పుడు తోడించారు సార్?" అని అడిగాడు. "మా అబ్బా కట్టించి 19 ఏళ్ళయింది. ఇంతవరకు తోడించే అవసరమే రాలేదు, ఏ ఇబ్బందీ లేదు" అని యజమాని కొంత గర్వంగానే చెప్పారు. పనివాడు లోపలికి చూసి, "ఇబ్బంది లేక కాదు సార్, ఇన్నాళ్ళూ అది వేరే చోటికి పోయింది" అన్నాడు.

ఈ నెల శీర్షికకు ఆ మాటే ఆధారం. మన ఇంటి లెక్కల పుస్తకంలో బియ్యానికి, కరెంటుకు, పిల్లల ఫీజులకు పద్దులు ఉంటాయి. సెప్టిక్ ట్యాంకుకు మాత్రం ఉండదు. దాని ఖర్చు మనం పెట్టకపోయినంత మాత్రాన ఆ ఖర్చు లేకుండా పోదు. మనకు బదులుగా మరొకరు చెల్లిస్తూ ఉంటారు. ఆ మరొకరు ఎవరన్నది విశ్వాసి అయిన గృహస్థుడు తెలుసుకోవలసిన విషయం.

ముందుగా ట్యాంకులో జరిగేదేమిటో చూద్దాం. మరుగుదొడ్డి నుండి వచ్చినదంతా అక్కడ మూడు పొరలుగా విడిపోతుంది. బరువైనది మడ్డిగా అడుగుకు చేరుతుంది. నూనె, కొవ్వు వంటి తేలికైనవి తెట్టుగా పైన తేలుతాయి. నడుమ ఉండే నీరు గొట్టం గుండా ఇంకుడు గుంతకు వెళ్ళి నేలలోకి ఇంకుతుంది. గాలి సోకని చోట బ్రతికే సూక్ష్మజీవులు మడ్డిని కొంతవరకు కుళ్ళబెట్టి తగ్గిస్తాయి. పూర్తిగా మాయం చేయలేవు. మిగిలినది ఏటేటా పేరుకుంటూనే ఉంటుంది.

"మా ట్యాంకు ఇంకా నిండలేదు" అనే మాట తరచుగా వింటాం. నిజానికి సరిగా కట్టిన సెప్టిక్ ట్యాంకు, వాడకం మొదలైన కొద్దికాలానికే బయటికి పోయే గొట్టం మట్టం వరకు నీటితో నిండి, ఎల్లప్పుడూ అలాగే ఉంటుంది. చూడవలసినది నీటిమట్టాన్ని కాదు, మడ్డి ఎంత పేరుకున్నదో చూడాలి. మడ్డి, తెట్టు కలిసి నీటి లోతులో సగం ఆక్రమించేలోగా తోడించాలి. ఆ హద్దు దాటితే నీరు తేరుకొనేందుకు తగినంతసేపు నిలవదు. మడ్డి కూడా నీటితోపాటు ఇంకుడు గుంతకు చేరి, మట్టిలోని సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. ఒకసారి మూసుకుపోయిన గుంత ట్యాంకును తోడించినంత మాత్రాన తిరిగి బాగుపడదు. మా బంధువుల ఇంట జరిగినది అదే. ముప్పై మంది చుట్టాలు ఆ లోపాన్ని బయటపెట్టారంతే, కారణం పాతది.

మన దేశంలో సెప్టిక్ ట్యాంకుల నిర్మాణానికి భారతీయ ప్రమాణాల సంస్థ వారి నియమావళి ఉన్నది. దానిని అనుసరించే కొలతల ప్రకారం ఐదుగురు ఉన్న ఇంటికి ట్యాంకు లోపలి పొడవు 1.5 మీటర్లు, వెడల్పు 0.75 మీటరు, నీటి లోతు సుమారు 1 మీటరు ఉండాలి. అంటే దాదాపు 1,125 లీటర్లు. ఈ కొలత రెండు మూడేళ్ళకొకసారి తోడిస్తారన్న లెక్కపై వేసినది. తోడించడం ఆ కొలతలోనే భాగమన్నమాట. ఎన్నటికీ తోడించనక్కరలేని ట్యాంకు అంటూ లేదు.

"మాది ఇరవై ఏళ్ళుగా తోడించలేదు" అని చెప్పుకొనే ఇళ్ళలో చాలా వాటికి ఉన్నది అసలు సెప్టిక్ ట్యాంకే కాదు. అడుగున సిమెంటు వేయకుండా వరలు దించిన గుంత, లేదా అడుగు పగిలి కారిపోతున్న తొట్టి. మేస్త్రీ దానినే మంచి గుణంగా చెప్పి ఉంటాడు. అది నిండకపోవడానికి కారణం, అందులోనిది శుద్ధి కాకుండానే భూగర్భంలోకి దిగిపోవడం.

ఇక ఖర్చు సంగతి. ఆ ఇంటివారు రెండు లోడ్ల ట్యాంకరుకు 5,000 రూపాయలు ఇచ్చారు. తరువాతి నెలలో పాత ఇంకుడు గుంతను మూయించి కొత్తది తవ్వించడానికి, పగిలిన గొట్టాలు మార్చడానికి, పైన పరచిన టైల్సును పెకలించి మళ్ళీ వేయించడానికి 62,000 రూపాయలు అయింది. మొత్తం 67,000. మూడేళ్ళకొకసారి తోడించి ఉంటే 19 ఏళ్ళలో ఆరుసార్లు. నేటి ధరనే పట్టి ఒక్కొక్కసారికి 2,500 చొప్పున వేసుకున్నా 15,000 రూపాయలు. నెలకు పంచితే 70 రూపాయలైనా కాదు. ఊరిని బట్టి, దూరాన్ని బట్టి ఈ ధరలు మారుతాయి. కాని నిర్వహణ ఖర్చుకూ మార్పిడి ఖర్చుకూ మధ్యనున్న ఈ వ్యత్యాసం ఏ ఊరిలోనైనా కనిపిస్తుంది.

అయితే ఆ 67,000 మాత్రమే అసలు బాకీ కాదు. అది మన జేబులోనుండి పోయిన సొమ్ము. మన జేబుకు సంబంధం లేకుండా చెల్లించినవారు ఇంకా ఇద్దరున్నారు.

మొదటివారు పొరుగువారు. ఇంకుడు గుంతకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్ల దూరం ఉండాలని నియమావళి చెబుతున్నది. రెండు మూడు సెంట్ల స్థలాల్లో గోడకు గోడ ఆనించి కట్టుకున్న మన వీధుల్లో అంత దూరం ఎక్కడున్నది? అందువల్లనే ట్యాంకు మరింత శ్రద్ధగా ఉండవలసి వస్తుంది. ట్యాంకులోనిది శుద్ధి కాకుండా నేలలోకి దిగితే రోగకారక క్రిములు, నైట్రేటు పక్కింటి బోరుకు చేరగలవు. తాగునీటిలో నైట్రేటుకు మన దేశంలో విధించిన పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. అది మించిన నీటితో కలిపిన డబ్బాపాలు ఆరు నెలలలోపు పసిపిల్లలకు ప్రమాదకరం. ఆ పిల్లల రక్తం ప్రాణవాయువును మోయలేక శరీరం నీలిబారుతుంది. నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయి గాని నైట్రేటు పోదు. నీరు ఆవిరైన కొద్దీ మరింత చిక్కబడుతుంది. పక్కింటి తల్లి ఎంత జాగ్రత్తగా నీళ్ళు కాచినా మన నిర్లక్ష్యం నుండి తన బిడ్డను కాపాడుకోలేదు.

నిలిచి ఉన్న నీటిలో మూత్రవిసర్జన చేయరాదని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) నిషేధించారు. జనం నడిచే దారిలో, వారు సేదతీరే నీడలో మలవిసర్జన చేసి శాపాలు కొనితెచ్చుకోవద్దని హెచ్చరించారు. ఎవరి కీడు నుండి పొరుగువాడు నిశ్చింతగా ఉండలేడో అతని విశ్వాసం పరిపూర్ణం కాదని బోధించారు. ఆరుబయట విసర్జించడం మనం ఎప్పుడో మానుకున్నాం. పాలరాయి పరచిన స్నానాలగదులు కట్టుకున్నాం. కాని భూమి పైపొర కింద, మన కంటికి కనబడనిచోట, మన ఇంటి మలినం పొరుగువారి నీటిలో కలుస్తుంటే ఆ బోధనలకు మనం ఎంతవరకు కట్టుబడినట్లు? తహారత్ మన దుస్తులతో, మన ముసల్లాతో ముగిసిపోయేది కాదు. మన ఇంటినుండి బయటికి వెళ్ళినది ఏ దారి పట్టిందన్నది కూడా అందులోనిదే.

రెండవవారు, ట్యాంకులోకి దిగే మనిషి. ఆయన చెల్లించేది ప్రాణంతో. ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది. తక్కువ మోతాదులో కుళ్ళిన కోడిగుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను గుర్తించే శక్తినే కోల్పోతుంది. "వాసన తగ్గింది, ఇక దిగవచ్చు" అనుకొనే క్షణమే ఒక్కొక్కసారి ఆఖరి క్షణం అవుతుంది. పైగా మీథేను నిప్పు తగిలితే మండుతుంది గనుక అగ్గిపుల్ల వెలిగించి పరీక్షించడం మరొక ప్రమాదం. లోపల పడిపోయినవానిని పైకి లాగబోయి దిగిన రెండవవాడు, మూడవవాడు కూడా మరణించిన ఘటనలు మనం పత్రికలలో చదువుతూనే ఉన్నాం. 2019 నుండి 2023 వరకు ఐదేళ్ళలో మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 377 మంది మరణించినట్లు కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది.

రక్షణ సాధనాలు, ముందుజాగ్రత్తలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడాన్ని 2013 నాటి పాకీపనివారి నియామక నిషేధ, పునరావాస చట్టం నేరంగా పరిగణిస్తుంది. ఈ నిషేధం మున్సిపాలిటీకి, కాంట్రాక్టరుకు మాత్రమే కాదు, ఇంటి యజమానికీ వర్తిస్తుంది. మొదటిసారి నేరానికి రెండేళ్ళవరకు జైలు, లేదా 2 లక్షల రూపాయలవరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇలా మరణించినవారి కుటుంబాలకు చెల్లించే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలుగా నిర్ణయించింది. 2023 అక్టోబరులో దానిని 30 లక్షలకు పెంచింది. ఈ కార్మికుల కోసం దశాబ్దాలుగా పోరాడుతున్న బెజవాడ విల్సన్ గారికి 2016లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఆయన స్వయంగా అటువంటి కార్మికుల కుటుంబంలో పుట్టి పెరిగినవారు.

చట్టం మాట అలా ఉంచుదాం. ఒక ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళిని కాపాడటంతో సమానమని దివ్య ఖుర్ఆన్ బోధిస్తున్నది. ఆ బోధనలో మతం, కులం, వృత్తి అనే భేదాలు లేవు. ఆ రోజు దాదీమా చట్టాన్ని చదివి మాట్లాడలేదు. పదిహేను వందల రూపాయలకు ఒక మనిషి ప్రాణం కొనరాదని ఆమె విశ్వాసం ఆమెకు చెప్పింది. ఆ కూలీకి ఆ పూట పని పోయిందన్న సంగతి కూడా ఆమె మరచిపోలేదు. మరునాడు విందు ఏర్పాట్లలో పని ఇప్పించి, కూలి ఇప్పించి, భోజనం పెట్టించి పంపారు. కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (సల్లం) ఆదేశం మనందరికీ కంఠస్థమే. ఆ చెమట ఎటువంటి పనిలో కారినదో చూసుకొనే బాధ్యత కూడా మనదే.

ఇక ఆచరణకు వద్దాం. ప్రతి ఇంటివారూ చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి.

ట్యాంకును చివరిసారి తోడించిన తేదీని కరెంటు మీటరు పక్కన గోడమీద రాసిపెట్టండి. రెండు మూడేళ్ళకొకసారి తోడించడం నియమంగా పెట్టుకోండి. నెలకు 100 రూపాయలు ఒక డబ్బాలో వేసినా మూడేళ్ళకు 3,600 అవుతుంది. చాలా ఊళ్ళలో ఒక లోడుకు అది సరిపోతుంది. ఇంట్లో షాదీ, అఖీఖా వంటి శుభకార్యం ఉంటే నెల ముందుగానే తోడించండి.

ట్యాంకరును పిలిచేటప్పుడు ధర ఒక్కటే కాదు, "ఎక్కడ పోస్తారు?" అని కూడా అడగండి. చౌకగా వచ్చే బండి చెరువులోనో, వాగులోనో, ఊరి చివర పొలంలోనో గుమ్మరిస్తే మన బాకీ మరో గ్రామం నెత్తిన పడినట్లే. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఈ వ్యర్థాల నిర్వహణకు జాతీయ విధానం ప్రకటించింది. అంతకుముందే, 2016లో, వరంగల్ నగరపాలక సంస్థ ఇందుకు ప్రత్యేక నిబంధనలు రూపొందించి దేశానికి దారి చూపింది. ఇప్పుడు తెలుగు రాష్ట్రాలలో అనేక పట్టణాలలో మానవ వ్యర్థాల శుద్ధి కేంద్రాలు ఉన్నాయి. మున్సిపాలిటీలో నమోదైన బండినే పిలిచి రశీదు తీసుకోండి. ట్యాంకులు తోడించేందుకు 14420 అనే సహాయ నంబరును కూడా కేంద్రం ప్రకటించింది.

మూతపై టైల్సు పరచి, కారు షెడ్డు కట్టి దారి మూసివేయవద్దు. బండి గొట్టం అందేలా, మూత సులువుగా తెరుచుకొనేలా ఉంచండి. మూత పగిలితే అదే రోజు మార్పించండి, పిల్లలు ఆడుకొనే పెరడు అది. గాలి గొట్టానికి పైన సన్నని జాలీ బిగించండి, లేకుంటే దోమలు అక్కడినుండే పుడతాయి.

శానిటరీ న్యాప్‌కిన్లు, పిల్లల డైపర్లు, ప్లాస్టిక్ ఏదీ మరుగుదొడ్డిలో వేయరాదు. బిర్యానీ డేగిశాలు, ఖుర్బానీ గిన్నెలు కడిగిన కొవ్వునీటిని అందులో పోయవద్దు. ఆ కొవ్వు గొట్టాల్లో గడ్డకడుతుంది. యాసిడ్, ఫినాయిల్ అతిగా వాడితే మడ్డిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు చస్తాయి. "ఈ పొడి వేస్తే తోడించనక్కరలేదు" అని అమ్మే వాటిని నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

మస్జిదు, మదర్సా కమిటీలవారికి ఒక విన్నపం. వుజూఖానా నీటిని మరుగుదొడ్ల ట్యాంకులోకి కలపవద్దు. రోజుకు ఐదు పూటలా ఒక్కసారిగా వచ్చే ఆ నీరు అడుగున ఉన్న మడ్డిని కదిలించి బయటికి నెడుతుంది. దానికి వేరే ఇంకుడు గుంత ఏర్పాటు చేస్తే ట్యాంకు బాగుంటుంది, భూగర్భ జలమూ పెరుగుతుంది. మస్జిదు వార్షిక లెక్కల్లో రంగులకు, తివాచీలకు ఉన్నట్లే దీనికీ ఒక పద్దు ఉండాలి.

చివరిగా, ఉమ్మడి ఇళ్ళు, అద్దె ఇళ్ళ విషయం. "ఇంట్లో ఉండేది అన్నయ్య, ఆయనే పెట్టుకోవాలి" అని తమ్ముడు, "ఇల్లు అందరిదీ, అందరూ పంచుకోవాలి" అని అన్న వాదించుకొని ఏళ్ళు గడిపే కుటుంబాలు మనకు తెలుసు. తోడించే ఖర్చు ఎవరిది, గుంత మార్చవలసివస్తే ఎవరిది అన్నది అవసరం రాకముందే మాట్లాడుకొని కాగితంపై రాసుకోండి. అద్దె ఒప్పందంలోనూ ఆ రెండు వాక్యాలు చేర్చండి. లావాదేవీలను రాసుకోమన్న ఖుర్ఆన్ ఆదేశంలో బంధుత్వాలను కాపాడే మేలు కూడా ఉన్నది.

దారిలో ఉన్న బాధాకరమైన వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని ప్రవక్త (సల్లం) తెలిపారు. మన ఇంటి మూత కింద పేరుకున్నది కూడా పొరుగువారి దారిలో ఉన్నదే. ఆ ఇంటి గోడమీద ఇప్పుడు మీటరు పక్కన ఒక తేదీ రాసి ఉన్నది, దాని కింద రాబోయే మూడవ ఏటి తేదీ కూడా. రాయించినవారు దాదీమా. "అప్పటికి నేనుంటానో లేదో అల్లాహ్‌కు తెలుసు, మీరు మాత్రం మరచిపోకండి" అన్నారట. మన ఇంటి బాకీని మనమే తీర్చుకొని, ఎవరి హక్కూ మెడన లేకుండా తన సన్నిధికి చేరే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.